తొలినాటి ఇంటర్నెట్ ఫైళ్లకు సూచీ: వరంగల్ పూనుకోవాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. 1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టేనాటికే, విదేశీ విశ్వవిద్యాలయాల కంప్యూటర్లలో ఎవరైనా ఉచితంగా తీసుకోగలిగే ఫైళ్లు లక్షలాదిగా పోగై ఉన్నాయి. ప్రోగ్రాములు, ఫాంట్లు, పరిశోధన పత్రాలు, సాంకేతిక కరదీపికలు అన్నీ వాటిలో ఉండేవి. వాటిని ఒక కంప్యూటర్ నుంచి మరొకదానికి అందించిన పద్ధతి పేరు ఎఫ్‌టీపీ. ఐఐటీ కాన్పూర్‌లో చదివి ఎంఐటీకి వెళ్లిన అభయ్ భూషణ్ 1971 ఏప్రిల్‌లో ఆ పద్ధతికి తొలి నిర్దేశాన్ని రాశారు. 1991 సెప్టెంబరులో లినక్స్ ఆపరేటింగ్ సిస్టం తొలి ప్రతి లోకానికి అందింది కూడా ఫిన్లండ్‌లోని ఇటువంటి ఒక ఎఫ్‌టీపీ నిల్వ నుంచే. ఈ నిల్వలలోని ఫైళ్లను వెతికి పట్టుకోవడానికి వీలైన ఒక సూచీని రూపొందించే పనికి మన వరంగల్, హనుమకొండల విద్యాసంస్థలు పూనుకోవాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఇప్పుడే ఎందుకంటే, ఆ నిల్వల తలుపులు ఒక్కొక్కటిగా మూసుకుపోతున్నాయి. లినక్స్‌ను ఒక రూపంలో పంచే డెబియన్ సంస్థ 2017 నవంబరు 1న తన బహిరంగ ఎఫ్‌టీపీ సేవలను నిలిపివేసింది. 2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు రెండూ ఎఫ్‌టీపీని తొలగించాయి. న్యూ మెక్సికో స్టేట్ యూనివర్సిటీ దశాబ్దాలపాటు నడిపిన హాబ్స్ అనే, ఓఎస్/2 ఆపరేటింగ్ సిస్టం ఫైళ్ల నిల్వ 2024 ఏప్రిల్‌లో మూతపడింది. ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి సంస్థల పుణ్యమా అని చాలావాటికి ప్రతులు మిగిలాయి, అందుకు వారికి మనం రుణపడి ఉన్నాం. అయితే నిల్వ మొత్తాన్ని ఒకే మూటగా భద్రపరిచినప్పుడు, ఏ మూటలో ఏముందో ముందే తెలిసినవారికి తప్ప మిగతావారికి అది అందదు.

ఈ కష్టం మొదటి నుంచీ ఉన్నదే. 1990లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఆలన్ ఎమ్‌టేజ్ రూపొందించిన ఆర్చీ అనే ప్రోగ్రాము, ఎఫ్‌టీపీ సర్వర్ల నుంచి ఫైళ్ల జాబితాలను తెప్పించుకొని, వాటిలో పేరును బట్టి వెతికిపెట్టేది. ఆనాటికి అది అద్భుతమే. కాని అది ప్రధానంగా వెతికింది ఫైళ్ల పేర్లలోనే. డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టం రోజులలో ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలు, పొడిగింపుకు మరో మూడు మాత్రమే దక్కేవి కనుక, పేరు చూసి లోపలి వస్తువును ఊహించడం తరచుగా అసాధ్యం. ఇప్పుడు మనం చేసే సూచీ ఫైలును విప్పి లోపలికి చూడాలి. ఫైళ్లను కుదించి కట్టిన జిప్ మూటలలో చాలావాటిలో ఫైల్ ఐడీ డిజ్ అనే చిన్న వివరణ ఉండేది. వరుసకు 45 అక్షరాల చొప్పున 10 వరుసలలో రచయిత తన ప్రోగ్రాము గురించి చెప్పేవాడు. అమీగా కంప్యూటర్ల నిల్వ అయిన అమినెట్‌లో ప్రతి ఫైలుకూ తోడుగా సంక్షిప్త వివరణ, రచయిత పేరు, వర్గం వేర్వేరు వరుసలలో రాసిన రీడ్‌మీ ఉండేది. ఈ వివరణలన్నింటినీ యంత్రమే చదివి సూచీలో చేర్చగలదు. జిప్‌కు ముందున్న ఆర్క్, జూ, ఎల్‌జెడ్‌హెచ్ వంటి మూటలను విప్పే పనిముట్లు కూడా సమకూర్చుకోవాలి.

అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైన విషయం తేదీ. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టంతో నడిచే కంప్యూటర్ ఇచ్చే జాబితాలో ఆరు నెలలలోపు ఫైలుకు నెల, తేదీ, సమయం ఉంటాయి కాని సంవత్సరం ఉండదు. అంతకన్నా పాత ఫైలుకు సంవత్సరం ఉంటుంది, సమయం ఉండదు. అంటే జాబితాను ఏ రోజున తయారు చేశారో తెలియకపోతే, అందులోని కొత్త ఫైళ్లు ఏ సంవత్సరానివో చెప్పలేం. అందువల్ల ప్రతి నమోదులోనూ ఈ సమాచారం ఏ సర్వర్ జాబితా నుంచి, ఏ రోజున, ఏ దారి (ఫైలు ఉన్న ఫోల్డర్ల వరుస) నుంచి వచ్చిందో విడిగా రాసి ఉంచాలని నా గట్టి అభిప్రాయం. దారిని చాలామంది పనికిరానిదిగా భావించి వదిలేస్తారు. నిజానికి ఆ నిల్వను చూసుకున్న మనిషి ఒక ఫైలును చిత్రాల విభాగంలో పెట్టాడా, విద్యా విభాగంలో పెట్టాడా అన్నది ఆ ఫైలు గురించి మిగిలిన ఏకైక సాక్ష్యం కావచ్చు. ఒకే ఫైలు పది మిర్రర్ (నకలు) సర్వర్లలో ఉన్నప్పుడు, లోపలి సమాచారం నుంచి లెక్కగట్టే హ్యాష్ సంఖ్య సాయంతో వాటిని ఒకే నమోదు కిందికి తేవాలి. ఆ పది దారులను మాత్రం ఆ నమోదులోనే నిలపాలి.

ఈ విద్య మనకు కొత్తది కాదు. ఒక వస్తువును విషయం, కాలం, ప్రదేశం వంటి అనేక ముఖాల నుంచి వర్గీకరించవచ్చునని గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో ప్రచురించిన కోలన్ వర్గీకరణ చూపింది. 1904లోనే హన్మకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయాన్ని నిలబెట్టుకున్న ఊరు మనది. కంప్యూటర్ రకం, ఫైలు రూపం, సంవత్సరం, భాష, వినియోగ హక్కులు అనే ముఖాలను ఎంచి సూచీకి జోడించే పనిలో కంప్యూటర్ విద్యార్థుల పక్కన గ్రంథాలయ శాస్త్రం చదివినవారు కూర్చోవాలి. కోడ్ రాయగలవారు మాత్రమే చేసిన సూచీలో వెతుకుడు వేగంగా ఉంటుంది కాని, వెతికినవారికి దొరికినది ఏమిటో అర్థం కాదు.

ఇక తెలుగు సంగతి. దీనిని మనం చేయకపోతే మరెవరూ చేయరు. అన్ని లిపులకూ ఒకే ప్రమాణమైన యూనికోడ్ వాడుకలోకి రాకముందు విదేశాలలోని తెలుగువారు రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఆంగ్ల లిపితో తెలుగు రాశారు. అందులో పెద్ద ఎం అక్షరం సున్నాకు, పెద్ద టీ అక్షరం టకారానికి గుర్తు. పత్రికల వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వారివిగా నడిచాయి. ఆ ఫాంటు లేకుండా తెరిస్తే కనిపించేవి అర్థంలేని గుర్తులు. టెక్ అక్షరకూర్పు వ్యవస్థ కోసం చేసిన తెలుగు ఫాంటు టెక్ ఫైళ్లను పోగుచేసిన సీటాన్ నిల్వలో ఇప్పటికీ ఉంది. మన సూచీలో ఒకరు తెలుగు లిపిలో వరంగల్ అని వెతికితే ఆర్‌టీఎస్‌లో రాసిన వరంగల్, పాత ఫాంటులో దాగిన వరంగల్ కూడా దొరకాలి. అందుకు ఒక్కొక్క ఫాంటుకు మార్పిడి పట్టిక కావాలి. ఫైర్‌ఫాక్స్‌కు జోడించుకునే పద్మ అనే ఉపకరణం కొన్ని ఫాంట్లకు ఈ పని చేసి చూపింది కనుక దారి తెలిసిందే. అలాగే పోతన అని వెతికినవారికి బమ్మెర కవి పద్యాలున్న ఫైళ్లు, ఆయన పేరు పెట్టుకున్న ఫాంటు ఫైళ్లు కలగాపులగంగా రాకుండా వేరువేరుగా కనిపించాలి.

హక్కుల విషయంలో సూచీ వేరు, ప్రతి వేరు అని గుర్తుంచుకుంటే చిక్కులు తగ్గుతాయి. అనుమతి స్పష్టంగా లేని ఫైలుకు వివరాలు, ఉన్న చోటు చూపితే చాలు. వాడి చూశాక డబ్బు చెల్లించే పాత షేర్‌వేర్ రీడ్‌మీలలో రచయితల ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు ఉంటాయి కనుక వాటిని వెతుకుడుకు అందకుండా కప్పి ఉంచడం మర్యాద.

దీనికి పెద్ద ఖర్చు అవసరం లేదు. సూచీ మొత్తాన్ని ఒకే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైలుగా తయారు చేస్తే సాధారణ కంప్యూటర్ మీదే నడుస్తుంది. ఎవరైనా దానిని తెచ్చుకొని దాచుకోవచ్చు, కనుక మన సర్వర్ ఆగిపోయిన రోజున కూడా పని వృథా కాదు. ఇంజినీరింగ్ చివరి సంవత్సరం ప్రాజెక్టుగా ఒక బృందం ఒక నిల్వను, మరొక బృందం ఒక ఫాంటు పట్టికను తీసుకుంటే రెండు మూడేళ్లలో వాడదగిన సూచీ తయారవుతుంది. ఈలోగా ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల కళాశాలల గ్రంథపాలకులకు ఒక విన్నపం. ఆ రోజులలో కంప్యూటర్ పత్రికలతో, పుస్తకాలతో వచ్చిన సీడీలలో ఈ ఎఫ్‌టీపీ నిల్వల భాగాలు ఉన్నాయి. పాత సామాను కింద వేలానికి పంపేముందు వాటి పూర్తి ప్రతిబింబాన్ని (డిస్క్ ఇమేజ్) హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి, సీడీ మీది ముద్రణను ఫొటో తీసి, ఏ సంచికతో వచ్చిందో రాసి ఉంచగలరని ప్రార్థన.

ఇట్లు,
ఒక విశ్రాంత గ్రంథాలయ ఉద్యోగి,
హనుమకొండ