ద్వీపాల కోసమని అమ్మిన లెన్సులకు ద్వీపంలో వారంటీ లేదట!

కస్టమర్ సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: మీ 'ఐలాండ్ ట్రావెల్' మూడు లెన్సుల కిట్ గురించి, మీరు తోసిపుచ్చిన వారంటీ రిపేరు గురించి ఫిర్యాదు

నమస్కారం.

మీ సర్వీస్ సెంటర్‌కి పంపిన 18-135 మి.మీ. జూమ్ లెన్స్ (అంకె పెంచేకొద్దీ దృశ్యాన్ని దగ్గరికి లాగే లెన్స్) గురించి నాకు వచ్చిన జవాబు చాలా చిన్నది: "ఉప్పు, ఇసుక, తేమ వల్ల జరిగిన నష్టం వారంటీ కిందికి రాదు. రిపేరు ఖర్చు కస్టమరే భరించాలి." ఆ లెన్స్ ఏ పెట్టెలో పెట్టి అమ్మారో ఒకసారి తెప్పించుకుని చూడండి. పెట్టె మీద పేరు 'ఐలాండ్ ట్రావెల్'. బొమ్మలో అలలు, ఇసుక, ఒక పడవ, ఆ పడవలో మీ లెన్స్ తగిలించిన కెమెరాతో ఓ మనిషి. కింద పెద్ద అక్షరాల్లో 'సముద్ర తీరాలకు సరైన తోడు' అని ఉంది. సముద్ర తీరంలో ఉప్పు, ఇసుక, తేమ కాక ఇంకేముంటాయి? ఆ మూడింటినీ తీసేశాక మీ వారంటీ ఏ ద్వీపంలో పనిచేస్తుందో నాకు అర్థం కావడం లేదు.

కొనేముందు మీ సలహా విభాగంతో చాట్‌లో వివరంగా మాట్లాడాను. ఆ సంభాషణ కాపీ జతచేస్తున్నాను. నేను అడిగింది చాలా మామూలు విషయం. కుటుంబంతో ద్వీపానికి సెలవుకి వెళ్తున్నాం, సామాను వీలైనంత తక్కువ, కెమెరా సంచి ఒక్క భుజానికి తగిలించుకునేంత ఉండాలి, రోజంతా నడక, కొంత పడవ ప్రయాణం, సాయంత్రాలు ఒడ్డునే. నా కెమెరా ఏపీఎస్-సీ సెన్సర్‌ది (వెలుతురుని ఫోటోగా పట్టే చిప్, పాత ఫిల్మ్ ఫ్రేము కన్నా చిన్నది), మోడల్ పేరు కూడా చెప్పాను. ఒక మామూలు జూమ్, దాంతోపాటు చిన్న 35 మి.మీ. ఎఫ్/1.8 ప్రైమ్ లెన్స్ (జూమ్ కానిది; ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు లోపలికొస్తుంది) తీసుకుందామనుకుంటున్నాను, సరిపోతాయా అని అడిగాను.

మీ సలహాదారు నా మాట పూర్తిగా వినకుండానే ప్రైమ్ లెన్స్ పక్కన పెట్టేశారు. "ద్వీపంలో వెలుతురుకి కొదవేంటండీ, ఎఫ్/1.8 ఎందుకు? డబ్బు దండగ" అన్నారు. వెడల్పుగా చూపే 10-20 వైడ్, 18-135 జూమ్, దూరాన్ని దగ్గరికి తెచ్చే 70-300 టెలీ, మెరుపుని తగ్గించే ఒక పోలరైజర్ ఫిల్టర్ కలిపిన ఈ కిట్ తీసుకోమన్నారు. "10 నుంచి 300 దాకా ఒక్క మిల్లీమీటరు కూడా వదలం" అన్నది ఆయన మాటే. ఈ కిట్ తయారు చేసిన పద్ధతి ఆ ఒక్క మాటలోనే తెలిసిపోతోంది. ఎన్ని మిల్లీమీటర్లు కవర్ అయ్యాయో లెక్కపెట్టారు గానీ, ఆ లెన్సులు ఏ గాలిలో, ఏ నీళ్ల పక్కన, ఏ వేళప్పుడు వాడతారన్నది ఎవరూ ఆలోచించలేదు.

ముందు వెలుతురు సంగతి. ఎండ వేళ గురించి మీ సలహాదారు చెప్పింది నిజమే. ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందించే స్థాయి) 100 పెట్టి, ఎఫ్/16 దగ్గర షట్టర్ 1/125 సెకను ఇస్తే ఎండలో ఫోటో సరిగ్గా వస్తుందని ఫిల్మ్ కాలం నుంచీ అందరికీ తెలిసిన లెక్కే. తెల్లటి ఇసుక వెలుగుని తిప్పికొడుతుంది కాబట్టి అక్కడ ఇంకో స్టాప్ (అంటే వెలుతురుని సగానికి) తగ్గించుకోవచ్చు. అంటే ఎఫ్/8 దగ్గర 1/1000 దాకా వెళ్లొచ్చు. అంత వెలుతురులో ఏ లెన్స్ అయినా పనిచేస్తుంది, కెమెరాతో పాటు వచ్చే చవక జూమ్‌తో సహా. అందుకే లెన్స్ ఎంపిక మధ్యాహ్నాన్ని చూసి చేయకూడదు. సూర్యుడు దిగిపోయాక అరగంట, దట్టమైన చెట్ల కింద కాలిబాట, దీపాల వెలుగులో అందరూ కూర్చున్న వరండా, పడవలు తిరిగొచ్చే వేళ... లెన్స్ సత్తా తెలిసేది అప్పుడు. పైగా అంత ఎండలో పన్నెండింటికి ఒడ్డున తిరిగేవాళ్లు ఎంతమంది చెప్పండి?

మీ 18-135 లెన్స్‌లో 35 మి.మీ. దగ్గర అపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం) ఎఫ్/4.5 కన్నా ఎక్కువ తెరుచుకోదు. ఎఫ్/1.8తో పోలిస్తే లోపలికొచ్చే వెలుతురు ఆరో వంతు. జూమ్‌తో షట్టర్ 1/15 సెకనుకి పడిపోయే చోట, నేను అడిగిన ప్రైమ్‌తో సుమారు 1/90 దొరికేది. 1/15 దగ్గర నడుస్తున్న మనిషి మసకే. ఆ మాట అంటే మీవాళ్లు "స్టెబిలైజేషన్ ఉంది కదా" అన్నారు. స్టెబిలైజేషన్ నా చేతి వణుకుని ఆపుతుంది, నీళ్లలో గెంతే పిల్లల్ని ఆపదు. లెన్సులు అమ్మే కంపెనీ సలహాదారుకి ఈ తేడా తెలియదంటే నమ్మను. తెలిసీ చెప్పలేదంటే అది ఇంకా పెద్ద తప్పు.

ఇక మూడు లెన్సులు. గాలి వీచే ఒడ్డున లెన్స్ మార్చడమంటే సెన్సర్‌ని ఇసుకకి, తుంపరకి అప్పగించడమే. కాబట్టి గదిలో ఉండగా ఏ లెన్స్ బిగిస్తే బయట రోజంతా అదే ఉంటుంది. మా విషయంలో అది 18-135. నా సెన్సర్ మీద దాని చూపు పాత ఫిల్మ్ కెమెరా లెక్కలో 27 నుంచి 200 మి.మీ.కి సమానం, సెలవు ఫోటోలకి ధారాళంగా సరిపోతుంది. మిగతా రెండూ భుజం మీద బరువు. ఊగే పడవలో 70-300ని చివరిదాకా లాగితే పక్షి ఫ్రేములో నిలవడమే కష్టం, ఇక ఫోటో సంగతి చెప్పక్కర్లేదు. పెట్టె మీద మూడూ కలిపి 'కిలోన్నర లోపే' అని వేశారు. హుడ్‌లు, మూతలు, ఫిల్టర్, పౌచ్‌లు లెక్కలోకి తీసుకోలేదు. అన్నీ పెట్టి తూస్తే రెండు కిలోలకి దగ్గరైంది. చాలా విమానాల్లో చేతి సామాను హద్దు 7 కిలోలు. కెమెరా బాడీ, చార్జర్ కాక లెన్సులకే అందులో అంత వాటా ఇవ్వమంటే 'తేలికపాటి కిట్' అన్న మాటకి అర్థం లేదు.

పోలరైజర్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కిట్‌లో నాకు నచ్చిన వస్తువు అదొక్కటే. నీటి మీది మెరుపుని కోసేసి అడుగున రాళ్లని, చేపల్ని చూపించడం ఫోటో తీశాక సాఫ్ట్‌వేర్ చేయలేని పని. నీటి మట్టానికి సుమారు 37 డిగ్రీల ఏటవాలుగా చూస్తూ తిప్పితే మెరుపు దాదాపు మాయమవుతుంది. మీ కరపత్రంలో ఈ సంగతి లేదు, 'రింగు తిప్పండి' అని మాత్రం ఉంది. సరే, అది వదిలేద్దాం. మూడు లెన్సుల ఫిల్టర్ సైజులు 62, 67, 77 మి.మీ. మీరిచ్చిన ఫిల్టర్ 67. చిన్న లెన్స్‌కి పెద్ద ఫిల్టర్‌ని స్టెప్-అప్ రింగుతో (రెండు సైజుల్ని కలిపే రింగు) తగిలించొచ్చు, పెద్ద లెన్స్‌కి చిన్న ఫిల్టర్ పెడితే మూలలు నల్లబడతాయి. ఒక 77 ఫిల్టర్, రెండు రింగులు ఇచ్చి ఉంటే మూడింటికీ సరిపోయేది. రింగు ఒక్కటీ లేదు. మూడు లెన్సుల కిట్‌లో ఒక్క లెన్స్‌కే పట్టే ఫిల్టర్ పెట్టి, పెట్టె మీద 'పూర్తి సెట్' అని రాయడానికి మీకు మనసెలా ఒప్పిందో!

అదీకాక, మీ ప్రకటనలో 10 మి.మీ. వైడ్ దగ్గర పోలరైజర్ పెట్టి తీశామని చూపించిన ఫోటోలో ఆకాశం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే నీలం. ఆకాశంలో పోలరైజర్ ప్రభావం సూర్యుడికి 90 డిగ్రీల దిశలో ఎక్కువ, మిగతా చోట్ల తక్కువ. నా సెన్సర్ మీద 10 మి.మీ. లెన్స్ మూల నుంచి మూలకి దాదాపు 110 డిగ్రీలు చూస్తుంది. అంత వెడల్పులో ఆకాశం మధ్యలో ముదురు పట్టీ పడి, పక్కల వెలిసిపోయినట్టు వస్తుంది. పైగా మీ కిట్‌లోని ఫిల్టర్ ఆ లెన్స్‌కి పట్టనే పట్టదు. ఆ ఫోటో ఎలా వచ్చిందో తెలుసుకోవాలని నాకు నిజంగానే కుతూహలంగా ఉంది.

ఇప్పుడు అసలు గొడవ. లెన్స్ సముద్రం దగ్గర తట్టుకుంటుందా అని చాట్‌లో రెండోసారి కూడా అడిగాను. "వెదర్ సీలింగ్ ఉంది, టెన్షన్ పడకండి" అన్నారు. తీరా చూస్తే సీలింగ్ (తేమని, ధూళిని ఆపే ఏర్పాటు) అంటే 18-135 మౌంట్ (కెమెరాకి బిగించే చోటు) దగ్గర ఒక రబ్బరు రింగు. మిగతా రెండిటికీ అది కూడా లేదు. ఆ రబ్బరు రింగుకి కూడా కెమెరా బాడీ సీలింగ్ తోడైతేనే ఫలితం. నా కెమెరా మోడల్‌కి సీలింగ్ లేదు, ఆ మోడల్ పేరు మీ సలహాదారు ముందే ఉంది. ఇది చెప్పడానికి ఆయనకి ఒక్క వాక్యం చాలు, చెప్పలేదు.

జూమ్ చేస్తే బ్యారెల్ (లెన్స్ గొట్టం) ముందుకి పొడుచుకొచ్చే లెన్స్ ఇది. లాగిన ప్రతిసారీ గాలిని లోపలికి పీలుస్తుంది, ఆ గాలిలో ఏముంటే అదీ లోపలికి వెళ్తుంది. తీరపు గాలిలో ఉండేది కంటికి కనబడని ఇసుక, ఉప్పు తుంపర. లోపలే జూమ్ అయ్యే లెన్సులకి ఈ బాధ తక్కువ. నా లెన్స్ నీళ్లలో పడలేదు, ఇసుకలో పడలేదు, అల తగల్లేదు. వాడనప్పుడల్లా సంచిలోనే ఉంది. అయినా సెలవు ముగిసేలోపు జూమ్ రింగు కరకరలాడటం మొదలై, 70 మి.మీ. దగ్గర బిగుసుకుపోయింది. మీ పెట్టె మీది మనిషి పడవలో చేస్తున్న పనే నేనూ చేశాను.

'వెదర్ సీలింగ్' అనే మాటకి కొలత లేదు, ఎవరైనా వాడుకోవచ్చు. కొలత ఇచ్చే పద్ధతి మాత్రం ఉంది. ఐఈసీ (అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ సంస్థ) 60529 ప్రమాణం ప్రకారం ఇచ్చే ఐపీ రేటింగ్‌లో మొదటి అంకె ధూళికి, రెండోది నీటికి. కొన్ని కెమెరాలకీ లెన్సులకీ ఐపీ53 అని స్పష్టంగా ఇస్తున్నారు. ఆ పరీక్ష కూడా మంచినీళ్లతో చేసేదే, ఉప్పు నీళ్లతో కాదు. మీ లెన్స్ రేటింగ్ ఎంత అని సర్వీస్ సెంటర్‌ని ఫోన్‌లో అడిగితే కాసేపు నీళ్లు నమిలి, "ఈ మోడల్‌కి రేటింగ్ లేదు" అన్నారు. రేటింగ్ లేని వస్తువుని సముద్రానికి సరైన తోడు అని ఏ ధైర్యంతో రాశారు?

ఉప్పు, ఇసుక మినహాయింపు ఎక్కడ రాసి ఉందో కూడా చెప్తాను. సీలు వేసిన పెట్టె లోపల, లెన్సుల అడుగున మడిచిపెట్టిన కరపత్రంలో, భూతద్దం కావాల్సినంత చిన్న అక్షరాల్లో. సీలు విప్పితే గానీ అది చదవలేం. సీలు విప్పిన కిట్ వెనక్కి తీసుకోబోమని మీ బిల్లు మీదే ఉంది. అదే కరపత్రంలో 'పొడి బట్టతో తుడవండి' అని కూడా ఉంది. ఎండిన ఉప్పు రేణువుల మీద పొడి బట్టతో రుద్దితే కోటింగ్ (గాజు మీది పూత) గీసుకుపోతుంది. ముందు మంచినీళ్లతో కాస్త తడిపిన మెత్తటి బట్టతో అద్దాలి. ఏసీ గదిలోంచి ఉక్కపోతలోకి వెళ్లేటప్పుడు లెన్స్‌ని మూసిన సంచిలోనే కాసేపు ఉంచాలని, లేకపోతే చల్లటి గాజు మీద తేమ పట్టేస్తుందని కూడా ఎక్కడా లేదు. ద్వీపాల పేరుతో అమ్మే కిట్‌లో ఉండాల్సిన కాగితం అది. దాని బదులు మీరు చేతులు దులుపుకునే కాగితం పెట్టారు.

నేను కోరేది ఇది. 18-135 లెన్స్‌ని వారంటీ కింద ఖర్చు లేకుండా బాగుచేయండి, అది కుదరకపోతే కొత్తది ఇవ్వండి. పెట్టె మీద మీరు చూపించిన వాడకంలోనే చెడిపోయింది కాబట్టి ఇందులో బేరం లేదు. 10-20, 70-300 రెండూ గీత కూడా పడకుండా ఉన్నాయి. మీ సలహా మీద కొన్నవి కాబట్టి వాటిని వెనక్కి తీసుకుని, నేను మొదట అడిగిన 35 మి.మీ. ఎఫ్/1.8 ఇచ్చి, మిగతా తేడా డబ్బు తిరిగి ఇవ్వండి. పెట్టె మీదా ప్రకటనలోనూ ఉన్న తీరం మాటలు తీసేయండి. ఉంచదలచుకుంటే, ఉప్పు, ఇసుకల నష్టానికి వారంటీ లేదన్న మాట వాటి పక్కనే అదే సైజు అక్షరాల్లో వేయండి. మీ సలహాదారు మీద వ్యక్తిగత చర్యేమీ నేను అడగడం లేదు. ఆయన చేతికి ఇచ్చిన ప్రశ్నల జాబితాలోనే 'లెన్స్ ఎక్కడ వాడతారు, కెమెరాకి సీలింగ్ ఉందా' అన్నవి లేవని చాట్ చూస్తే తెలిసిపోతుంది. ఆ జాబితా మార్చాల్సింది మీరు.

చాట్ కాపీ, బిల్లు, పెట్టె మూడు వైపుల ఫోటోలు, కరపత్రం, మీ సర్వీస్ సెంటర్ జవాబు ఈ లేఖతో జతచేశాను. లెన్స్ ఇంకా మీ సర్వీస్ సెంటర్‌లోనే ఉంది. వాళ్లు పంపిన ఖర్చు అంచనా మీద నేను సంతకం పెట్టలేదు, పెట్టను. ఈ ఫిర్యాదు తేలేదాకా దాన్ని విప్పడం గానీ, అలాగే వెనక్కి పంపేయడం గానీ చేయొద్దని వాళ్లకి చెప్పండి. 15 రోజుల్లో మీ జవాబు రాతపూర్వకంగా కావాలి. ఫోన్‌లో ఇచ్చిన హామీలను జవాబు కింద లెక్కపెట్టను.

ఇట్లు,
మీ 'ఐలాండ్ ట్రావెల్' కిట్ కొన్న కస్టమర్
(ఆర్డర్ వివరాలు జతచేసిన బిల్లులో ఉన్నాయి)