పరిశోధన వైపు మళ్లుతున్న మా అమ్మాయికి

శ్రీకాకుళం

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

సైటు ఉద్యోగం మాని ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేయాలని, ఆ తరువాత బోధనలోనే ఉండిపోవాలని నీవు నిశ్చయించుకున్నందుకు నాకెంతో సంతోషంగా ఉంది. కాలువ పనుల నుంచి కళాశాలకు వచ్చి, ఉద్యోగ విరమణ దాకా ఈ పాఠమే చెప్పినవాణ్ణి కనుక, జీతం, పదోన్నతుల సంగతి విడిచిపెట్టి, ఏ ప్రశ్న పట్టుకుంటే బాగుంటుందో మాత్రం రాస్తాను.

పనుల గడువు అంచనా కట్టడానికి నీవు చదివిన పెర్ట్ పద్ధతి 1958లో అమెరికా నౌకాదళపు పొలారిస్ క్షిపణి కార్యక్రమం కోసం పుట్టింది. ఒక తూము పని త్వరగా సాగితే 10 రోజులు, మామూలుగా 14, ఆటంకాలు వస్తే 30 పడుతుందనుకుంటే, 14ను నాలుగు రెట్లు చేసి, తక్కిన రెండూ కలిపి, ఆరుతో భాగిస్తే 16 రోజులు వస్తుంది. ఈ లెక్క విద్యార్థులకు ఇట్టే వచ్చేస్తుంది. కానీ మొత్తం గడువు ఎంత అటూ ఇటూ కావచ్చో లెక్కించేటప్పుడు, ఒక పని ఆలస్యానికీ మరో పని ఆలస్యానికీ సంబంధం లేదని ఆ పద్ధతి అనుకుంటుంది. మన జిల్లాలో అది నిలవదు. వంశధారకు వరద వస్తే గట్టు పని, తూము పని, మట్టి తోలకం అన్నీ ఒకేసారి ఆగుతాయి. ఊడ్పులు మొదలైతే కూలీలు అన్ని పనుల నుంచీ కలిసే వెళ్లిపోతారు. ఆలస్యాలు ఇలా జట్టుగా వచ్చేచోట, విడివిడిగా కట్టిన లెక్క అసలున్న ముప్పును తక్కువ చేసి చూపిస్తుంది. నీ పరిశోధన ఇక్కడ మొదలు కావాలని నా కోరిక.

మనిషి తన పనికి పట్టే కాలాన్ని తక్కువగా ఊహించుకుంటాడని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లోనే రాశారు. అలాంటి పనులు లోగడ ఎన్నాళ్లు పట్టాయో చూసి అంచనా కట్టమని చెప్పే డెన్మార్క్ పరిశోధకుడు ఫ్లూబ్యార్గ్ పద్ధతికి మూలం అదే. అయితే దానికి పాత పనుల వివరాలు కావాలి. సైటులో చేసిన పనిని కొలిచి రాసే ఎం-బుక్కులో కొలతలు, తేదీలు దొరుకుతాయి గాని పని ఎందుకు ఆగిందో దొరకదు. గడువు పొడిగింపు కోరే కాగితాల్లో కారణాలుంటాయి, కానీ అవి పొడిగింపు రావాలని రాసినవి. వాటిని సైటు డైరీతోనూ వానల లెక్కతోనూ సరిచూడనిదే నమ్మవద్దు.

వంశధారపై ఒడిశాతో తగాదాలో చిక్కుకున్న నేరడి బ్యారేజీ వంటివాటిని ఈ ఆలస్యాల లెక్కలో కలపకు. వంశధార జలవివాదంపై 2010లో ఏర్పడిన ట్రిబ్యునల్ 2017లో తీర్పు ఇచ్చింది. అటువంటి కాలాన్ని కూలీల, వానల లెక్కలతో కొలవలేము.

పాఠం చెప్పే రోజు వచ్చినప్పుడు కంప్యూటరు కంటే ముందు విద్యార్థులను ఒక చిన్న కల్వర్టు దగ్గరకు తీసుకువెళ్లి, మేస్త్రీ చెప్పిన వరుసలోనే, ఏ పని తరువాత ఏ పనో చూపే నెట్‌వర్క్ పటం గీయించు. ఏ పని దేనికోసం ఆగాలో ఆయనకు తెలిసినంత బాగా చాలా పుస్తకాలు చెప్పలేవు.

రాజీనామా ఇచ్చేలోగా, మీ సైటు డైరీలను పరిశోధనకు వాడుకునేందుకు పైఅధికారుల నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకో. ఉద్యోగం మానాక అది దొరకడం కష్టం.

ఇట్లు,
మీ నాన్న