పసుపు స్లీవు ఉన్న ఉష్ణోగ్రత కిట్లు కొన్నవారికి

ఈ ఏడాది ఉగాది తర్వాత నెల్లూరులోని మా ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణంలో పొడవాటి వైరుతో ఉష్ణోగ్రత కిట్లు కొన్నవారికి ఈ సంగతి మరొకరి ద్వారా తెలియకూడదని నేనే రాస్తున్నాను. సెన్సార్ మీద పసుపు స్లీవు (తొడుగు) ఉన్న కిట్లు తప్పు ఉష్ణోగ్రత చూపుతున్నాయి. ఆ తప్పులో సగం సరుకు పంపిన వ్యాపారిది, సగం నాది.

విడవలూరు వైపు రొయ్యల చెరువు చేసే రైతు ఒకరు మొదట వచ్చి, "సామీ, పాదరసం థర్మామీటరు ఇరవై తొమ్మిది చూపిస్తా ఉంటే మీ పెట్టె ముప్పై మూడంటా ఉండాది, ఏరియేటరు వేస్తే ఇంకో రెండు ఎగురతా ఉండాది" అన్నారు. ఏరియేటరు అంటే చెరువు నీటికి గాలి కలిపే మోటారు యంత్రం. చార్జరు మంచిది కాదేమోనని చెప్పి ఆయనను పంపించేశాను. పది రోజుల తర్వాత కావలి నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి అదే మాట చెప్పేదాకా నేను పెట్టె విప్పి చూడలేదు. అందుకు ఆ రైతుకు ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పాను, ఇక్కడ మరోసారి చెబుతున్నాను.

మేము వాడే ఎల్‌ఎం35 సెన్సార్ ఒక్కో డిగ్రీకి 10 మిల్లీవోల్టుల చొప్పున ఇస్తుంది కాబట్టి, 30 డిగ్రీల నీళ్లలో ముంచితే మల్టీమీటరు 300 చూపాలి. గ్లాసు నీళ్లలో పాదరసం థర్మామీటరు పక్కనే సెన్సార్‌ను ముంచితే 341 చూపింది. సెన్సార్‌కు దగ్గరగా వైరును రెండు వేళ్లతో పట్టుకున్నాను, అంకె 326కు పడింది. వదిలితే మళ్లీ పైకి పోయింది. నీటి వేడి మారలేదు, మారింది నా వేళ్లే. వోల్టేజీని గీతగా చూపే ఓసిలోస్కోప్ పెట్టి చూస్తే తిన్నని గీత ఉండవలసిన చోట అలలు కనిపించాయి. వైరు తనలో కొంత విద్యుత్తును పట్టి ఉంచుతుంది, ఆ గుణాన్ని పికోఫారడ్లలో కొలుస్తారు. ఈ సెన్సార్ నేరుగా మోయగలిగేది అలాంటి 50 పికోఫారడ్ల భారమే, ఒక్క మీటరు వైరుకే సుమారు వంద దాకా ఉంటుంది. మా పాత కిట్లలో సెన్సార్ బోర్డు మీదే ఉండేది గనుక ఈ బాధ రాలేదు. చెరువు రైతులు అడిగారని నేను ఐదు మీటర్ల వైరు కలిపాను, దానికి కావలసిన రెండు భాగాలు మాత్రం కలపలేదు. ఇది నా తప్పు.

75 ఓమ్‌ల రెసిస్టరు, 1 మైక్రోఫారడ్ కెపాసిటరు ఒకదాని వెనక ఒకటిగా సెన్సార్ అవుట్‌పుట్‌కు, గ్రౌండ్‌కు మధ్య సోల్డరింగ్ చేయగానే అలలు ఆగిపోయి మీటరు 301కి దిగింది. అయితే అదే మరమ్మతు చేసిన మిగతా వాటిలో ఒకటి 287, మరొకటి 331 చూపాయి. అప్పుడు గాని సరుకు మీద అనుమానం రాలేదు. అసలైన ఎల్‌ఎం35 మిల్లీయాంపియరులో పదో వంతు కరెంటు కూడా తీసుకోదు. ఇవి దానికి ఎన్నో రెట్లు తీసుకుంటున్నాయి. పైన ముద్ర ఎల్‌ఎం35దే, లోపలి చిప్పు మాత్రం అది కాదు. ఆరేళ్లుగా రొక్కం చెల్లించి కొంటున్న చెన్నై వ్యాపారికి ఫోన్ చేస్తే, ప్రోగ్రాములో పది రీడింగులు కూడి సగటు తీయమని, అంకె కదలకపోతే ఎవరూ అడగరని సలహా ఇచ్చాడు. ఆ మాట నన్ను చాలా బాధించింది. అలలు కొట్టే సెన్సార్ సగటు కూడా పక్కకు జరిగే ఉంటుంది, నకిలీ సెన్సార్‌కు ఎన్ని రీడింగులు కూడినా అసలు విలువ రాదు. తెరమీద అంకె కదలకుండా నిలబడితే రైతు దాన్ని నమ్మి మేత వేస్తాడు. అతని దగ్గర ఇకపై ఒక్క రెసిస్టరు కూడా కొనను.

నన్ను రెండు వారాలు నిద్రపోనివ్వని ప్రశ్న వేరే ఉంది. "నాయనా, ఈ అనలాగ్ గోలంతా ఎందుకు, డీఎస్18బీ20కి మారిపోదాం" అని మా అబ్బాయి మొదటి రోజే అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. కొలతను వోల్టేజీగా పంపే మా అనలాగ్ సెన్సార్‌లా కాకుండా, ఆ సెన్సార్ కొలతను తనలోనే అంకెగా మార్చి పంపుతుంది కాబట్టి దారిలో మోటార్ల అలజడి దాన్ని అంత సులభంగా చెడగొట్టలేదు. ఒక రాత్రి వాటికి ఆర్డరు కూడా రాసి, పొద్దున చించేశాను. బజారులో డీఎస్18బీ20 నకిలీలు అంతకంటే ఎక్కువ. అది తప్పు అంకె పంపితే మామూలు మీటరుతో పట్టుకునే మార్గం లేదు. అనలాగ్ సెన్సార్‌నైతే పదో తరగతి పిల్లవాడైనా గ్లాసు నీళ్లు, మల్టీమీటరు పెట్టుకొని నిలదీయగలడు. మొండితనం అనుకున్నా సరే, మా కిట్లలో ఎల్‌ఎం35నే ఉంచుతున్నాను.

పాతవాటికి బదులుగా ఇచ్చే కిట్లలో పై రెండు భాగాలతో పాటు సెన్సార్ సరఫరా కాళ్ల దగ్గరే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు, బయటి అలజడిని ఆపే లోహపు పొర ఉన్న షీల్డ్ వైరు ఉంటాయి. షీల్డును బోర్డు వైపు మాత్రమే గ్రౌండ్‌కు కలుపుతున్నాము. రిలే (మోటారును వేసి ఆపే విద్యుత్ స్విచ్చు) గ్రౌండ్, సెన్సార్ గ్రౌండ్ ఒకే వైరు మీద నడిచినందువల్లే ఏరియేటరు వేసినప్పుడు అంకె ఎగిరింది కనుక, వాటిని బోర్డు దాకా విడివిడిగా తెస్తున్నాము. కిట్టును నడిపే ఆర్డునో అనే చిన్న కంప్యూటరు బోర్డు కొలతకు చార్జరు ఇచ్చే 5 వోల్టులను ఆధారం చేసుకుంటే ఒక్కో మెట్టు దాదాపు అర డిగ్రీ అవుతుంది, పైగా చార్జరు తగ్గితే కొలతా మారుతుంది. అందువల్ల లోపలి 1.1 వోల్టుల ఆధారానికి మార్చాము, ఇప్పుడు మెట్టు డిగ్రీలో పదో వంతు. ఆ 1.1 ఒక్కో చిప్పులో కొద్దిగా తేడాగా ఉంటుంది కాబట్టి ప్రతి బోర్డునూ విడిగా సరిచూసి, చల్లని నీళ్లలో, వేడి నీళ్లలో అది చూపిన అంకెలను నా చేతితో రాసిన చీటీ పెట్టెలో ఉంచుతాను.

కిట్టు మార్చుకోవడానికి డబ్బు ఏమీ ఇవ్వనవసరం లేదు, రసీదు లేకపోయినా పరవాలేదు. ఒంగోలు, కందుకూరు వైపువారు ఆర్టీసీ కార్గోలో పంపితే రానూపోనూ ఖర్చు నాదే. కిట్టుతో పాటు మీరు వాడే చార్జరు కూడా పంపండి. ఆ రైతు చార్జరును నేను చూడకుండానే తప్పుపట్టాను, ఈసారి ప్రతి ఒక్కటీ చూసే చెబుతాను.