సగంతో భాగించడం నేర్పినవాళ్లకి

ఈ పోస్టు ఎప్పుడో పెట్టాల్సింది. పేపర్లు దిద్దడం, మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించడం, మధ్యలో వరద సెలవులు... అలా వాయిదా పడింది. ఆలస్యానికి ముందు క్షమించండి.

సఖినేటిపల్లి వైపు ఓ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. 19 ఏళ్ల సర్వీసు. పోయినేడాది నెలకి రెండు శనివారాలు, వశిష్ఠ గోదావరి పాయ అవతల నుంచి ఓ డిగ్రీ కాలేజీ లెక్కల మేడమ్, కెమిస్ట్రీ మాస్టారు పంటు (మనుషుల్నీ వాహనాల్నీ ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి, మాకు శిక్షణ ఇవ్వడానికి మా ఒడ్డుకి వచ్చారు. నాలుగు బళ్ల నుంచి లెక్కలు, సైన్సు టీచర్లం పన్నెండు మందిమి. పేర్లు రాయొద్దని ఇద్దరూ గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు.

నిజం చెప్పాలంటే మొదట నాకు పెద్ద ఆశేమీ లేదు. ట్రైనింగులు చాలా చూశాం. 2020 జాతీయ విద్యా విధానం టీచర్లకి ఏటా 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది. గంటలు నింపడం మాకూ వచ్చు. ఓ ఆన్‌లైన్ కోర్సు వీడియోని ఫోన్లో నడవనిచ్చి నేను పప్పు తాలింపు పెట్టుకున్న రోజులున్నాయి. తప్పు నాదే, ఒప్పుకుంటున్నా.

మొదటి రోజు మేడమ్ బోర్డు మీద ఒకే ఒక్క లెక్క రాశారు. ఒకటీ ముప్పావుని అరతో భాగించాలి. "జవాబు అక్కర్లేదండి, ఈ లెక్కకి ఒక కథ చెప్పండి చాలు" అన్నారు. ఇదెంత అనుకుని గబగబా రాసేశాను. ఒకటీ ముప్పావు ఎకరం చేనుని అన్నదమ్ములిద్దరూ చెరిసగం పంచుకున్నారు, ఎవరికెంత? పక్కన చూస్తే సగం మందికి పైగా ఇలాంటిదే రాశారు. మేడమ్ నవ్వకుండా అడిగారు. "తిరగేసి గుణిస్తే జవాబు మూడున్నర కదండీ. మరి అన్నదమ్ములకి చెరో మూడున్నర ఎకరాలు వచ్చాయా?"

వెనకనుంచి ఎవరో "అలాగైతే కోనసీమలో పొలం కొనక్కర్లేదండి, పంచుకుంటూ పోతే చాలు" అన్నారు. అందరం నవ్వాం. నవ్వు అయ్యాక మాత్రం నాకు కడుపులో ఏదోలా అయింది. సగం చేయడం అంటే రెండుతో భాగించడం. సగంతో భాగించడం వేరే పని. ఒకటీ ముప్పావు ఎకరంలో అర ఎకరం బిట్లు ఎన్ని వస్తాయి అని. సెంట్లలో చెబితే మా పిల్లలకి క్షణంలో తెలుస్తుంది. 175 సెంట్లలో 50 సెంట్ల బిట్లు మూడున్నర. ఎకరానికి అర ఎకరం బిట్లు రెండు కాబట్టి ఒకటీ ముప్పావుని రెండుతో గుణిస్తాం. తిరగెయ్యడం అక్కడి నుంచి వచ్చింది. 19 ఏళ్లు "రూల్ అంతే, తిరగేసి గుణించు" అని చెప్పిన మనిషిని నేను.

ఇంటికెళ్లి మా అత్తగారిని ముప్పావులో వీసాలెన్ని (వీసం అంటే పదహారో వంతు) అని అడిగాను. ఐదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. కూరగాయలు తరుగుతూ, తలెత్తకుండానే "పన్నెండు" అన్నారు.

తర్వాత అందరం కలిసి ఒక పాఠం తయారు చేసుకోవడం, ఒకరు చెప్పడం, మిగతావాళ్లు పిల్లల్ని గమనించడం, మళ్లీ మార్చుకోవడం. జపాన్‌లో టీచర్లు వందేళ్లకి పైగా ఇలాగే చేస్తున్నారని మేడమ్ చెప్పారు. అమెరికాలో కూడా 2002 నుంచి కొన్నేళ్లపాటు యూనివర్సిటీల లెక్కలు, సైన్సు విభాగాలనీ బళ్లనీ కలిపి ఇలాంటి పనికి నిధులిచ్చారట. మాకు నిధులేమీ లేవు, హెచ్‌ఎం గారి టీ ఉంది. మొదట నా వంతే వచ్చింది. టెన్షన్‌తో చెయ్యి వణికింది. పాఠం అయ్యాక మేడమ్ చెప్పింది ఒక్కటే. "మీరు 'అర్థమైందా' అని పద్నాలుగుసార్లు అడిగారండి. పద్నాలుగుసార్లూ అర్థమైందండీ అనే అన్నారు. మూడో బెంచీ అమ్మాయి నోటుబుక్కు మాత్రం ఖాళీగా ఉంది."

కెమిస్ట్రీ మాస్టారిది ఇంకో తరహా. రొయ్యల చెరువు నీళ్లు తెల్లవారుజామున ఒక సీసా, మధ్యాహ్నం ఒక సీసా తెమ్మన్నారు. పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) పొద్దున 7.6, మధ్యాహ్నం 8.7 వచ్చింది. పగలు నీళ్లలోని నాచు కార్బన్ డయాక్సైడ్ లాగేస్తుంది కాబట్టి పీహెచ్ పెరుగుతుంది. రాత్రంతా చెరువులో అందరూ ఊపిరి పీల్చడమే కాబట్టి తెల్లారేసరికి పీహెచ్‌తో పాటు ఆక్సిజనూ తగ్గుతుంది. పుస్తకంలో మూడు వేరు వేరు పాఠాలు, ఇక్కడ ఒకే చెరువు. గట్టు మీద నాన్నకి తోడు పడుకునే తొమ్మిదో తరగతి కుర్రాడు "మబ్బు పట్టిన రోజు ఇంకా డేంజరండి, ఏరియేటర్లు ముందే వేసేస్తామండి, లేకపోతే రొయ్య తేలిపోద్దండి" అన్నాడు. ఏరియేటర్లంటే నీళ్లలో గాలి కలిపే యంత్రాలు. ఎండ లేకపోతే పగలు తయారయ్యే ఆక్సిజన్ కూడా తక్కువే కదా. మాస్టారు ఆ మాటని తన నోటుబుక్కులో రాసుకున్నారు. ఆయన రాసుకోవడం చూశాక వాడు నెల రోజులు సైన్సు క్లాసు మానలేదు.

చివర్లో రెండు సబ్జెక్టులూ కలిపి పంటు లెక్క చేశాం. పంటు అడుగుభాగం పొడవు 15 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు అనుకుంటే 90 చదరపు మీటర్లు. ఘనపు మీటరు నీళ్లు టన్ను బరువు కాబట్టి, నాలుగు టన్నుల బరువు ఎక్కితే నాలుగు ఘనపు మీటర్ల నీళ్లు పక్కకి జరగాలి, అంటే పంటు నాలుగున్నర సెంటీమీటర్ల దాకా దిగాలి. పిల్లలు పంటు పక్కన సుద్దతో గీత గీసి, కార్లు, బైకులు ఎక్కాక చూస్తే దాదాపు మూడు వేళ్ల మందం దిగింది. ఆ అరుపులకి అవతలి ఒడ్డు వాళ్లు కూడా తిరిగి చూశారు.

గీత గీయనిచ్చి, పిల్లల్ని రెయిలింగు దగ్గర జాగ్రత్తగా నిలబెట్టిన పంటు వాళ్లకి కృతజ్ఞతలు. టైం టేబుల్ తారుమారు చేసినా విసుక్కోని హెచ్‌ఎం గారికి, అనుమతి ఇచ్చిన ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి, శనివారాలు మరో ఇద్దరికి వండిపెట్టిన మధ్యాహ్న భోజనం అక్కలకి కూడా. తన క్లాసు నా కళ్లముందు చెప్పడానికి ఒప్పుకున్న మిగతా పదకొండు మందికీ.

మేడమ్, మాస్టారూ, మీరు పైసా తీసుకోలేదు. పంటు టికెట్టు కూడా మమ్మల్ని కొననివ్వలేదు. మా పిల్లలు పగలగొట్టిన బ్యూరెట్ (ద్రవాలు కొలిచే గాజు గొట్టం) డబ్బులు ఇస్తామంటే "ల్యాబులో మా పిల్లలూ పగలగొడతారండి" అన్నారు. కొత్త బ్యూరెట్ తెప్పించాం, గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాం. ఈసారి మేమే మీ ఒడ్డుకి వస్తున్నాం, టికెట్లు మావే.