మంత్రి గారూ, ఓడిపోయిన ఫొటోలు కూడా మీవేనా?

మంత్రి గారికి నమస్కారం.

మీ శాఖ కింద ఉన్న సంస్థలు తరచూ ఫొటో పోటీలు పెడుతుంటాయి. పర్యాటకం, పాత కట్టడాలు, అడవులు, నీటి పొదుపు, ఏదో ఒక అంశం. పోస్టర్ బాగుంటుంది, మొదటి బహుమతి ఎంతన్నది దూరం నుంచే కనిపిస్తుంది. రూల్స్ మాత్రం వేరే పేజీలో, చిన్న అక్షరాల్లో ఉంటాయి. వాటిల్లో ఎక్కడో కింద ఉండే ఒక్క రూల్ గురించే ఈ ఉత్తరం. పోటీని బట్టి మాటలు కాస్త మారతాయి గానీ సారం ఇది: పోటీకి వచ్చిన ఫొటోలన్నిటినీ నిర్వాహకులు ప్రపంచంలో ఎక్కడైనా, ఎప్పటికీ, పైసా చెల్లించకుండా, ఏ అవసరానికైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వచ్చు, పంపినవాళ్లు ఆ అనుమతిని వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. కొన్నిచోట్ల ఈ తిరుగుడంతా ఎందుకని ఏకంగా కాపీరైటే మాది అని రాసేస్తున్నారు.

గెలిచిన ఫొటోలు కాదండీ, వచ్చిన ఫొటోలన్నీ. బహుమతి ముగ్గురికో నలుగురికో వస్తుంది, హక్కులు మాత్రం పంపిన ప్రతి ఒక్కరి దగ్గరా తీసుకుంటారు. ఉద్యోగం ఒకరికే ఇచ్చి, ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లందరి చేతా జీతం లేకుండా జీవితాంతం పని చేయించుకుంటామంటే ఎవరైనా ఊరుకుంటారా? ఇక్కడ ఊరుకుంటున్నారు, ఎందుకంటే చాలామంది కుర్రవాళ్లు, కొత్తగా కెమెరా పట్టినవాళ్లు, తమ ఫొటో పదిమంది చూస్తే చాలనుకునేవాళ్లు. ఆ ఆశ మీదే ఈ రూల్ నడుస్తోంది.

మీ ఆఫీసుకి కుర్చీలు కావాలంటే టెండర్ పిలుస్తారు, కొటేషన్లు తీసుకుంటారు, తర్వాత ఆడిట్ కూడా ఉంటుంది. బ్రోషర్లకీ, హోర్డింగులకీ, వెబ్‌సైట్‌కీ ఫొటోలు కావాలంటే మాత్రం పోటీ పెడతారు. మూడు బహుమతుల ఖర్చుతో ఓ పెద్ద ఫొటో బ్యాంకు చేతికొస్తుంది. దీన్ని కళా ప్రోత్సాహం అనకండి, ఇది కొనుగోలు, అదీ ధర చెల్లించని కొనుగోలు. ప్రైవేటు కంపెనీ ఇలా చేస్తే లాభం కోసం చేసిందనుకుంటాం. కళాకారుల హక్కులు కాపాడాల్సిన ప్రభుత్వమే చేస్తే ఎవరితో చెప్పుకోవాలి?

నాకు తెలిసిన ఒక ఫొటోగ్రాఫర్ ఇలాంటి పోటీకే ఓ పక్షి ఫొటో పంపాడు. బహుమతి రాలేదు, కన్సొలేషన్ కూడా లేదు. కొన్నాళ్లకి అదే ఫొటో ఓ ప్రచార పోస్టర్ మీద కనిపించింది. పక్కలు కత్తిరించేశారు, రంగులు కళ్లు చెదిరేలా పెంచేశారు, మూలన స్పాన్సర్ లోగో ఉంది, ఇతని పేరు లేదు. ఇదేమిటని మెయిల్ పెడితే ఆ సంస్థ నుంచి వచ్చిన జవాబు ఒక్క వాక్యం, నిబంధనలు అంగీకరించే మీరు ఫొటో పంపారు కదా అని. నిజమే, చట్టం ప్రకారం వాళ్ల మాట చెల్లుతుందేమో. మర్యాద అనేది ఒకటి ఉంటుంది కదా, కనీసం పేరు వేయడానికి ఏం పోయింది?

ఆ పేరు అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు. కాపీరైట్ మీద దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందం 1886 నాటిది. రచన తనదని చెప్పుకునే హక్కు, తన పరువు పోయేలా దాన్ని వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు, ఈ రెండిటినీ 1928లో రోమ్‌లో సవరించినప్పుడు అందులో చేర్చారు. వీటినే నైతిక హక్కులు అంటారు. కాపీరైట్ అమ్మేసుకున్నా ఇవి మిగులుతాయని అందులో స్పష్టంగా ఉంది. అందుకే మీ సంస్థల రూల్స్‌లో "నైతిక హక్కులను కూడా వదులుకుంటున్నాను" అనే ముక్క విడిగా కనిపిస్తుంటుంది. అది పొరపాటున పడింది కాదు, ఆ హక్కు ఉందని బాగా తెలిసినవాళ్లే రాశారు.

ఫొటో అంటే బటన్ నొక్కడమే కదా అనే చులకన కూడా కొత్తది కాదు లెండి. అదే బెర్న్ ఒప్పందం మిగతా రచనలకు రచయిత జీవితకాలం, ఆపైన 50 ఏళ్లు రక్షణ ఇచ్చి, ఫొటోలకు మాత్రం తీసినప్పటి నుంచి 25 ఏళ్లు ఇస్తే చాలు అంది. 1996లో వచ్చిన వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) కాపీరైట్ ఒప్పందం ఆ తేడా తీసేసింది. అంతర్జాతీయ చట్టం చులకన మానుకున్నా పోటీల రూల్స్ రాసేవాళ్లు ఇంకా మానలేదు.

"శాశ్వతంగా" అన్న మాట సంగతీ అంతే. జర్మనీ చట్టంలో రచయిత బతికుండగా కాపీరైట్‌ని ఇంకొకరికి బదిలీ చేయడమే కుదరదు, వాడుకునే అనుమతి మాత్రమే ఇవ్వగలడు. అమెరికాలో ఎప్పటికీ అని రాసిచ్చినా సాధారణంగా 35 ఏళ్ల తర్వాత వెనక్కి తీసుకునే వీలు రచయితకు ఉంది. భారత చట్టంలో హక్కులు రాసిచ్చే పత్రంలో గడువు లేకపోతే ఐదేళ్లనే అనుకోవాలి. ఏమీ తెలియకుండా సంతకం పెట్టినవాణ్ణి కాస్త కాపాడాలని దేశానికో పద్ధతి పెట్టుకున్నారు. పోటీ రూల్స్‌లో ఒక్కో విశేషణాన్నీ చూస్తే ఇలాంటి రక్షణలకు ఎక్కడెక్కడ సందు ఉందో వెతికి మూసినట్టే ఉంటుంది.

ఇక అందరూ మర్చిపోయే విషయం ఒకటుంది, నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది కూడా అదే. ఫొటోలో ఉన్న మనుషులు. ఒక చిన్నపిల్ల ఫొటో తీస్తాం, తల్లిదండ్రులను అడుగుతాం, పోటీకి పంపుతున్నామని చెబుతాం, ఎగ్జిబిషన్‌లో పెడతారేమో అంటాం, వాళ్లు సరే అంటారు. రేపు అదే ముఖాన్ని ఏదో జబ్బు గురించి అవగాహన పోస్టర్ మీద వేస్తే? ఆ పిల్లకి ఆ జబ్బు ఉందని చూసినవాళ్లు అనుకోరా? బాల కార్మికుల మీదో, తాగుడు వల్ల చెడిన కుటుంబాల మీదో వేస్తే? వాళ్లు ఒప్పుకున్నది దానికి కాదు. "ఏ అవసరానికైనా" అని మా దగ్గర రాయించుకున్నప్పుడు మాది కాని అనుమతి కూడా మా చేత ఇప్పించుకుంటున్నారు. పైగా దాని కిందే ఇంకో రూల్ ఉంటుంది, ఫొటో వల్ల ఎవరైనా కేసు వేస్తే నష్టపరిహారం, కోర్టు ఖర్చులు అన్నీ పంపినవాళ్లే భరించాలని. ఎక్కడ, ఎలా వాడాలో తేల్చుకునేది మీరు, వాడినందుకు బోనెక్కేది మేము.

ఇతరులకు ఇచ్చే హక్కు అన్నది ఇప్పుడు ఇంకా ప్రమాదం. ఇదివరకు మహా అయితే స్పాన్సర్ క్యాలెండర్ మీద వేసుకునేవాడు. ఇప్పుడు మొత్తం ఫొటోల మూటని ఏదో ఒక కంపెనీకి ఏఐ శిక్షణ కోసం అప్పగించినా ఈ రూల్ అడ్డు చెప్పదు. ఇంకోటి, ఒక ఫొటోని ఇలా ఒకరికి శాశ్వతంగా ఇచ్చేశాక, దాన్ని "మా దగ్గర తప్ప ఇంకెక్కడా కనిపించకూడదు" అనే పత్రికకో ప్రకటనల సంస్థకో అమ్మలేం. అంటే ఓడిపోయినవాడు బహుమతితో పాటు ఆ ఫొటో మీద రాబోయే సంపాదనా పోగొట్టుకుంటున్నాడు.

మీ అధికారులు ఏం చెబుతారో తెలుసు. లీగల్ వాళ్లు ఇలాగే రాయాలన్నారు, ఎగ్జిబిషన్ పెట్టాలన్నా పత్రికలకు ఇవ్వాలన్నా అనుమతి కావాలి కదా, అంటారు. కావాలి, కాదనం. దానికి ఎంత కావాలో అంతే అడగండి. బహుమతి పొందినవీ, ఎగ్జిబిషన్‌కి ఎంపికైనవీ, ఆ పోటీ గురించి చెప్పడానికి మాత్రమే, రెండు మూడేళ్లు, ఫొటోగ్రాఫర్ పేరుతో. కాపీరైట్ పంపినవాళ్లదేనని మొదటి రూల్‌గా పెట్టి, ఇంతవరకే అనుమతి తీసుకునే పోటీలు చాలా ఉన్నాయి, అవేమీ మూతపడలేదు. ఎంపిక కాని ఫొటోలను ఫలితాలు రాగానే తొలగించండి. వాటిలో ఏదైనా మీకు పనికొస్తుందనిపిస్తే తీసినవాళ్లకి ఫోన్ చేయండి, ఎందుకో చెప్పండి, ఎంతిస్తారో చెప్పండి. నంబరు ఎంట్రీ ఫారంలోనే ఉంటుంది కదా.

లేదు, ఇవి ప్రజలందరికీ ఉచితంగా అందాలన్నదే మా ఉద్దేశం అంటే సంతోషం, దానికీ నిజాయితీ ఉన్న దారి ఉంది. 2010లో నెదర్లాండ్స్‌లో మొదలైన వికీ లవ్స్ మాన్యుమెంట్స్ అనే పోటీ ఇప్పుడు చాలా దేశాల్లో జరుగుతోంది. అక్కడికి పంపే ఫొటోలను ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకునే పనులకైనా సరే. అయితే అది క్రియేటివ్ కామన్స్ లైసెన్స్, అంటే తమ పనిని అందరూ వాడుకోవచ్చని తీసినవాళ్లే షరతులతో ఇచ్చే అనుమతి, అని ముందే తెలుస్తుంది, కాపీరైట్ తీసినవాళ్ల దగ్గరే ఉంటుంది, వాడినవాళ్లు పేరు వేయాలి. ఇచ్చేవాళ్లు తెలిసి ఇస్తారు, అందరికీ ఇస్తారు. మీ రూల్ ప్రకారం ఇచ్చింది మాత్రం మీ శాఖకీ, మీరు ఎవరికిస్తే వాళ్లకీ చేరుతుంది. అలాంటి లైసెన్స్ కావాలనుకుంటే ఫారంలో వేరే గడి పెట్టండి, ఇష్టమైనవాళ్లు టిక్ పెడతారు. టిక్ పెట్టకపోయినా ఎంట్రీ మాత్రం చెల్లాలి.

ఇందులో మీకే నష్టం కూడా ఉంది. ఫొటోగ్రఫీ మీద బతికేవాళ్లు ఈ రూల్ చూడగానే పేజీ మూసేస్తారు. పంపినా రెండో రకం ఫొటోలే పంపుతారు, మంచివి దాచుకుంటారు. మీకు వచ్చేవి వేలల్లో ఉండచ్చు, కావాల్సినవి మాత్రం రావు. తర్వాత జడ్జీలు "ఈసారి నాణ్యత తగ్గింది" అని ప్రసంగాలు చేస్తుంటారు.

కాబట్టి రాబోయే పోటీ ప్రకటన మీ సంతకానికి వచ్చినప్పుడు, దయచేసి ఆ రూల్స్ పేజీ కూడా తెప్పించుకుని చదవండి. ఒకే నమూనా నిబంధనలు తయారు చేయించి, మీ శాఖ పరిధిలోని సంస్థలన్నీ అవే వాడాలని ఉత్తర్వు ఇవ్వండి. దాని ముసాయిదాని మా ముందు పెడితే తప్పొప్పులు చెప్పడానికి చాలామందిమి ఉన్నాం, ఫీజు కూడా అడగం. ఇప్పటికే పోగుచేసిన ఫొటోల సంగతి కూడా తేల్చాలి. ఎన్ని ఉన్నాయి, ఎవరెవరికి ఇచ్చారు, పేర్లు తీసేసి ఎక్కడెక్కడ వాడారు, ఈ లెక్క బయటపెట్టండి. పేర్లు తిరిగి వేయడం రేపటి నుంచే మొదలుపెట్టచ్చు, దానికి ఏ చట్టమూ మార్చక్కర్లేదు.

ఇట్లు,
మీ పోటీలకు ఫొటోలు పంపడం మానేసిన ఒక ఫొటోగ్రాఫర్