వెజ్ ట్యాన్ అని బిల్లు వేసి క్రోమ్ తోలు పంపినందుకు ఫిర్యాదు

సికింద్రాబాద్

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: హోల్‌స్టర్ల (తుపాకీ ఒరల) కోసం ఆర్డరు చేసిన వెజిటబుల్ ట్యాన్ (వెజ్ ట్యాన్, అంటే చెట్ల బెరడు, కాయలతో శుద్ధి చేసిన) గేదె తోలు, చెక్క పెట్టెల లోపలికి తెప్పించిన గొర్రె తోలు స్వెడ్ (నూగు ఉన్న మెత్తటి తోలు), రెండూ మీ బిల్లులో, క్యాటలాగ్‌లో రాసిన సరుకు కాకపోవడం గురించి.

అయ్యా,

లైసెన్స్ ఉన్నవాళ్ల రివాల్వర్లకు, పిస్టళ్లకు నేను చేత్తో తోలు హోల్‌స్టర్లు కుడతాను. అవి ఇంట్లో భద్రంగా పెట్టుకోవడానికి టేకు పెట్టెలు కూడా చేస్తాను. ఇదే నా బతుకుతెరువు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఆర్మీలో రిటైరైన ఆఫీసర్లు, బంగారం వ్యాపారులు, ఊరికి దూరంగా తోటల్లో కాపురముండే రైతులు ఎక్కువ. చాలాకాలంగా మీ దగ్గరే తోలు కొంటున్నాను. ఇంతవరకు ఒక్క మాట అనలేదు, అనాల్సిన అవసరమూ రాలేదు. ఈసారి పంపిన సరుకు విషయంలో మాత్రం ఊరుకోలేను. మీ సేల్స్ వాళ్లతో ఫోన్లో ఎన్నిసార్లు మాట్లాడినా పని కాలేదు కాబట్టి ఇలా రాసి పంపుతున్నాను.

నేను అడిగింది మూడున్నర మిల్లీమీటర్ల మందం ఉన్న వెజ్ ట్యాన్ గేదె తోలు. మీ బిల్లులో కూడా అదే రాసి ఉంది. పార్శిల్ విప్పగానే రంగు బాగానే అనిపించింది, పైన నున్నగా, లేత గోధుమ రంగులో ఉంది. పనిలోకి దిగాక గానీ దాని అసలు సంగతి తెలియలేదు.

ఈ పని ఎలా జరుగుతుందో మీ సేల్స్ వాళ్లకు తెలియదని మాటల్లోనే అర్థమైంది. అందుకే కొంచెం వివరంగా చెబుతున్నాను. ఎవరి తుపాకీనీ నేను నా దగ్గర ఉంచుకోను, ఉంచుకోకూడదు కూడా. లైసెన్సు ఉన్న మనిషి ఎదురుగా కూర్చుని ఉండగానే, ఖాళీ చేసిన రివాల్వర్‌కి కొలతలు తీసుకుని, కాగితం మీద గీత గీసుకుని, అప్పుడే తిరిగి ఇచ్చేస్తాను. ఆ కొలతలతో టేకు చెక్కలో ఒక డమ్మీ చెక్కుకుంటాను. తోలు కోసి, గోరువెచ్చని నీళ్లలో తడిపి, ఆ డమ్మీ మీద వేసి, ఎముకతో చేసిన పనిముట్టుతో సిలిండర్ (తూటాలు ఉండే గుండ్రటి భాగం) చుట్టూ, ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్‌కి అడ్డుగా ఉండే కమ్మీ) చుట్టూ ఒత్తుతాను. నిజమైన వెజ్ ట్యాన్ తోలైతే ఒత్తిన చోట ఒత్తినట్టే ముద్ర పడుతుంది. నీడలో ఆరాక గోటితో కొడితే చెక్క మీద కొట్టినట్టు టక్కుమంటుంది. ఆ తరవాతే ఆరెతో చిల్లులు వేసి, తేనెమైనం పట్టించిన దారంతో రెండు సూదులు పెట్టి కుడతాను. అలా కుడితే ఒక చోట దారం తెగినా మిగతా కుట్టు ఊడదు.

మీ తోలు తడిపి ఒత్తితే ముద్ర పడ్డట్టే పడి, ఆరేసరికి మళ్లీ పొంగి సాపుగా అయిపోయింది. నా పనిలో ఏదైనా లోపమేమోనని మళ్లీ తడిపి, ఇంకాస్త గట్టిగా ఒత్తి చూశాను. మార్పు లేదు. అప్పుడు తోలు కోసే కత్తితో, అదే రంపెతో, ఒక అంచు ఏటవాలుగా కోసి వెలుతురులో పెట్టి చూశాను. పైనా కిందా గోధుమ రంగే. మధ్యలో మాత్రం సన్నగా, నీలం కలిసిన బూడిద రంగు చార. తోలు పని చేసే ఎవరినడిగినా చెబుతారు, ఆ చార క్రోమ్‌ది, క్రోమియం లవణాలతో శుద్ధి చేసిన తోలుకు వచ్చే రంగు అది. అంటే ముందు క్రోమ్‌లో ట్యాన్ చేసి, పైపైన మొక్కల టానిన్ పట్టించి రంగు తెప్పించారన్నమాట.

ఆ చార చూసి తొందరపడి ఒక నిర్ణయానికి రాకూడదని, మరుగుతున్న నీళ్లలో మీ తోలు ముక్క ఒకటి, నా దగ్గర మిగిలి ఉన్న పాత లాట్ ముక్క ఒకటి కలిపి వేశాను. పాత ముక్క చూస్తుండగానే ముడుచుకుని, వంకరపోయి, గట్టిపడింది. వెజ్ ట్యాన్ తోలు 75 నుంచి 85 డిగ్రీల మధ్యే కుంచించుకుపోతుంది కాబట్టి అది మరిగే నీళ్లను తట్టుకోలేదు. మీ కొత్త ముక్క మాత్రం వేసింది వేసినట్టే ఉంది. అంత వేడికి చెక్కుచెదరకుండా ఉండేది క్రోమ్ తోలే. దీనికి ల్యాబ్ కూడా అక్కర్లేదు, పొయ్యి మీద గిన్నె ఉంటే చాలు. మీ గోడౌన్లో మీరూ చేసి చూడండి.

మందం సంగతి కూడా చెప్పాలి. పొట్ట వైపు మూడు మిల్లీమీటర్లు కూడా లేదు. అదొక్కటే అయితే సర్దుకునేవాణ్ని, వీపు భాగం వాడుకుని మిగతాది బెల్టు లూపులకు కోసుకునేవాణ్ని.

మీ సేల్స్ మేనేజర్ గారు ఫోన్లో అన్న మాట: “తోలు తోలే కదండీ, సహజంగా కొంచెం తేడా ఉంటుంది.” క్రోమ్ తోలు చెడ్డదని నేను అనడం లేదు. బూట్లకు, బ్యాగులకు, సోఫాలకు అదే వాడతారు, ప్రపంచంలో తయారయ్యే తోలులో ఎక్కువ భాగం అదే. మెత్తగా ఉంటుంది, నీళ్లకు తట్టుకుంటుంది. ట్యానరీలో ఒకటి రెండు రోజుల్లో తయారైపోతుంది కాబట్టి ధరా తక్కువే. వెజ్ ట్యాన్‌కి వారాలు పడుతుంది, అందుకే ఎక్కువ డబ్బు ఇచ్చి కొంటాను. ఎక్కువ డబ్బు తీసుకుని తక్కువ ధర సరుకు పంపితే దాన్ని సహజమైన తేడా అనరు.

హోల్‌స్టర్‌లో మెత్తదనం ప్రమాదం. రివాల్వర్ బయటికి తీశాక కూడా హోల్‌స్టర్ నోరు తెరుచుకునే ఉండాలి. మెత్తటి తోలైతే నోరు లోపలికి కుంగుతుంది. తిరిగి పెట్టేటప్పుడు ఆ మడత ట్రిగ్గర్ గార్డ్‌లోకి దూరి ట్రిగ్గర్‌ను నొక్కే అవకాశం ఉంది. అందులో తూటాలు ఉంటాయి, ఆ పక్కన మనిషి తొడ ఉంటుంది. ఇలాంటి హోల్‌స్టర్ నా చేతి మీదుగా బయటికి వెళ్లి ఎవరికైనా ఏమైనా అయితే నాకు నిద్ర పడుతుందా?

“ఇంకొంచెం టైట్‌గా కుట్టండి, సరిపోతుంది” అన్నారు మీ వాళ్లు. మా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి కాన్పూర్‌లో తయారైన పాత పాయింట్ 32 రివాల్వర్లు. అవి వెబ్లీ అనే బ్రిటిష్ కంపెనీ పద్ధతిలో మధ్యలో విరిచి తెరిచే రకం. ఎడమ పక్కన బొటనవేలికి అందేలా ఒక లీవర్ ఉంటుంది. దాన్ని ముందుకు నొక్కితే గొట్టం కిందికి వంగి, తూటాలు పైకి లేస్తాయి. హోల్‌స్టర్ బిగుతుగా ఉంటే రివాల్వర్‌ను పైకి లాగేటప్పుడు తోలు ఆ లీవర్‌ను పట్టుకుని ముందుకు నెడుతుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు బయటికి తీసిన రివాల్వర్ చేతిలోనే విరుచుకుని తెరుచుకుంటే ఆ మనిషి ఏమైపోవాలి? అందుకే నేను ఆ లీవర్ కోసం లోపల ప్రత్యేకంగా ఒక గుంట ఒత్తుతాను. ఆ గుంట నిలబడాలంటే తోలు గట్టిగా ఆరాలి. మీరు పంపినదానిలో అది ఒక్క పూట కూడా నిలవలేదు. 2023లో వచ్చిన ప్రబల్ లాంటి కొత్త రివాల్వర్లలో సిలిండర్ పక్కకి తెరుచుకుంటుంది కాబట్టి అచ్చు వేరేలా ఉంటుంది, కానీ తోలు గట్టిగా ఉండాలన్నది వాటికీ వర్తిస్తుంది.

ఇంకొకాయన “హార్డ్‌నర్ కొట్టుకోండి” అని సలహా ఇచ్చారు. హార్డ్‌నర్ పైపొరను బిరుసు చేస్తుందంతే. బెల్టు లూపు దగ్గర, ఫ్లాప్ (హోల్‌స్టర్‌ను పైన మూసే తోలు మూత) మడత దగ్గర కొన్నాళ్లకు పగులుతుంది. పైగా ఫ్లాప్ అనేది అందం కోసం పెట్టేది కాదు. ఆయుధ నియమాలు 2016 ప్రకారం చేతి తుపాకీని బయటికి తీసుకెళ్లేటప్పుడు హోల్‌స్టర్‌లోనో, అలాంటి దాంట్లోనో పెట్టుకోవాలి, అది పూర్తిగా కప్పి ఉండాలి. పగిలిన ఫ్లాప్‌తో తిరిగితే పోలీసులకు జవాబు చెప్పుకోవాల్సింది నా కస్టమర్.

ఇక పెట్టెల సంగతి. దీనికి నాకు ఎక్కువ బాధ. కూల్చిన పాత ఇళ్ల టేకు దూలాలు వెతికి తెచ్చి పెట్టెలు చేస్తాను. ఎన్నో ఏళ్లు ఆరిన చెక్క అది, వానాకాలం వచ్చినా మూత బిగుసుకోదు. ఓక్ లాంటి చెక్కలు మూసిన పెట్టెలో ఆమ్లపు ఆవిరి వదిలి ఇనుముకు తుప్పు పట్టిస్తాయి, అందుకని వాటి జోలికి పోను. పెట్టె అడుగున రివాల్వర్ ఆకారానికి సరిగ్గా ఉలితో గుంట తొలిచి, పక్కన తూటాలకు, శుభ్రం చేసే కడ్డీకి, నూనె సీసాకు అరలు పెట్టి, ఇత్తడి బందులు బిగిస్తాను. లోపల అంటించడానికి ఎప్పుడూ ఉన్ని గుడ్డే వాడేవాణ్ని. మీ క్యాటలాగ్‌లో ఆ స్వెడ్ గురించి “క్రోమ్ రహితం, లోహానికి హాని చేయదు” అని చదివి ఈసారి అది తెప్పించాను.

రిటైరైన ఒక సుబేదార్ గారు తన రివాల్వర్ కోసం ఆ పెట్టె చేయించుకున్నారు. వానలు వెళ్లాక తీసి చూస్తే, స్వెడ్‌కి ఆనుకున్న వైపు సిలిండర్ మీద, గొట్టం మీద గోధుమ రంగు మచ్చలు. గాలికి ఉన్న రెండో వైపు ఒక్క మచ్చ లేదు. పెట్టేముందు నూనె రాసి తుడిచే పెట్టారాయన, పాతికేళ్లు ఆయుధంతో బతికిన మనిషికి అది ఒకరు చెప్పక్కర్లేదు. అదే స్వెడ్ వేసిన అరలో ఉన్న తూటాల ఇత్తడి అంచులకు పచ్చటి చిలుము పట్టింది. బ్లూయింగ్, అంటే ఉక్కు మీద తుప్పు పట్టకుండా వేసే నల్లనీలం పూత, ఒకసారి పోతే తుడిస్తే తిరిగి రాదు. మళ్లీ వేయించాలంటే లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గరికే వెళ్లాలి. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. రివాల్వర్‌ను బల్ల మీద పెట్టి ఆ మచ్చల మీద వేలితో రాస్తూ కూర్చున్నారు. ఆయన తిట్టి ఉంటే నాకు ఇంత కష్టంగా ఉండేది కాదు.

ఎన్నికల కోడ్ వచ్చిందంటే చాలామంది ఆయుధాలు పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేయాలి, నెలల తరబడి అవి అక్కడే ఉంటాయి. మీ స్వెడ్ ఉన్న పెట్టెలో అన్నాళ్లు ఉంచితే ఏమవుతుందో మీరే ఆలోచించండి. ఆ పెట్టెలన్నీ వెనక్కి తెప్పించుకుని, స్వెడ్ గీకేసి, మళ్లీ ఉన్ని వేసి ఇస్తున్నాను.

మీ క్యాటలాగ్ మొదటి పేజీలోనే తంగేడు పూల బొమ్మ వేసి, మీ తోలు తంగేడు బెరడుతో, కరక్కాయతో శుద్ధి చేసినదని గొప్పగా రాసుకున్నారు. తంగేడు బెరడుతో తోలు శుద్ధి చేయడం ఈ నేల మీద తరతరాలుగా ఉన్న పని. మద్రాసు వైపు నుంచి ఆ తోలు ఈస్ట్ ఇండియా లెదర్ అనే పేరుతో విదేశాలకు వెళ్లేది, దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ పేరు మీద నమ్మకంతోనే నాలాంటివాళ్లు కొంటున్నారు. ఆ చెట్టు బొమ్మ వేసుకుని నీలం చార ఉన్న తోలు అమ్మడం ఆ పని చేసిన వాళ్లందరికీ అవమానం.

నాకు కావలసింది ఇది. తోలుకు, స్వెడ్‌కు కట్టిన మొత్తం డబ్బు, రవాణా ఖర్చుతో సహా తిరిగి ఇవ్వాలి. విప్పి మళ్లీ చేయాల్సి వచ్చిన పెట్టెల ఖర్చు, సుబేదార్ గారి రివాల్వర్‌కు మళ్లీ బ్లూయింగ్ చేయించే ఖర్చు మీరే పెట్టుకోవాలి. ఈ లాట్ నుంచి ఒక ముక్కను చెన్నై అడయార్‌లోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు పంపి క్రోమ్ ఎంత ఉందో, ఆమ్లత్వం ఎంత ఉందో పరీక్ష చేయించి ఆ రిపోర్టు నాకు పంపాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇదే లాట్ ఇంకెవరెవరికి వెళ్లిందో వాళ్లందరికీ ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాలి. వాళ్లలో హోల్‌స్టర్లు కుట్టేవాళ్లు ఉండే ఉంటారు. వాళ్లకు అనుమానం వచ్చేలోపు ఆ హోల్‌స్టర్లు ఎవరి నడుముకో ఎక్కేసి ఉంటాయి. నా డబ్బు నాలుగు రోజులు ఆలస్యమైనా ఓర్చుకుంటాను, ఈ ఫోన్లు మాత్రం ఆలస్యం చేయకండి.

వ్యాపారం కోసం కొన్నది వినియోగదారుల చట్టం కిందికి రాదని మీ సేల్స్ వాళ్లు ఒక మాట అన్నారు. 2019 చట్టం తెప్పించుకుని చదవండి. సొంతంగా పని చేసుకుంటూ కేవలం జీవనోపాధి కోసం కొన్న సరుకును అది వ్యాపార అవసరం కింద లెక్కేయదు. నేను ఉండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చని కూడా అందులో ఉంది. ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా మీ నుంచి రాతపూర్వకంగా జవాబు రాకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తాను, ఆ తరవాత కమిషన్‌కు వెళ్తాను.

బిల్లు నకలు, అంచు కోసిన తోలు ముక్క, మరిగించిన రెండు ముక్కలు, స్వెడ్ ముక్క, సిలిండర్ మచ్చల ఫొటోలు దీంతో జత చేస్తున్నాను. వాడని తోలంతా చుట్టి విడిగా పెట్టాను. మీ మనిషిని పంపితే తూకం వేసి అప్పగిస్తాను. అతను వచ్చేటప్పుడు పాత లాట్ రకం తోలు ఏదైనా మీ దగ్గర ఉంటే ఒక నమూనా ముక్క పట్టుకురమ్మనండి. ఆర్డర్లు ఆగిపోయి ఉన్నాయి, కోసి చూసి, మరిగించి చూసి, బాగుంటే తీసుకుంటాను.

ఇట్లు,
హోల్‌స్టర్లు, చెక్క పెట్టెల తయారీదారు
సికింద్రాబాద్