మన జెండాలో ఉసిరి కొమ్మ

అన్నలకు, అక్కలకు నమస్కారం. మన సంఘం జెండా మార్చే విషయం. ఇప్పుడున్న దాంట్లో కొబ్బరిచెట్టు ఉంది. చెట్టు మంచిదే, కానీ అది చూస్తే కోనసీమే గుర్తొస్తుంది కదా, మన నెల్లూరు కాదు!

నా మాట, ఉసిరి కొమ్మ పెడదాం. నెల్లి అంటే ఉసిరి. నెల్లిచెట్టు కింద శివలింగం వెలసిందనీ, అందుకే ఊరికి నెల్లూరు అని పేరొచ్చిందనీ మూలస్థానేశ్వరుడి గుడి దగ్గర పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. నెల్లు అంటే వరి, పేరు దాన్నుంచే అనేవాళ్లూ ఉన్నారు. రెండూ మనవే. అందుకని కింద మన మొలగొలుకుల వరి పైరు పచ్చ, మధ్యలో పెన్న నీలం, పైన పండిన కంకి పసుపు. మూడు రంగులు చాలు. ఉసిరి ఆకులు మరీ చిన్నవి, దూరానికి ఆనవు. కాబట్టి పసుపు మీద ఈకలాంటి ఒక్క రెమ్మ, చారలు తెలిసేలా మూడు కాయలు పెద్దగా గీయాలి.

దయచేసి అక్షరాలు మాత్రం వద్దు. వెనకనుంచి చూస్తే తిరగబడి కనిపిస్తాయి. పోయినసారి ర్యాలీలో మన పేరు ఎవరూ చదవలేకపోయారు, నాకు చాలా బాధేసింది.

బొమ్మలు వేసే పిల్లలు ఇంట్లో ఉంటే ఆదివారంలోపు గీయించి ఇక్కడే పెట్టండి. ఎండకు రంగు వెలిసిపోని బట్ట ఏదో తెలిసినవాళ్లు చెప్పండి.